అక్టోబరులో మొరాయించే రంపం మిషన్: తప్పంతా కార్బరేటర్‌దేనా?

"బావా, స్టార్టవుతంది గానీ రేసిచ్చేసరికి సచ్చిపోతంది. కార్బరేటర్ పోయినట్టుంది. కొత్తది తెప్పించీమంటావా?"

తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ నాకు ఇలాంటి ఫోన్ ఒకటైనా వస్తుంది. ఈసారి చేసింది మా బావమరిది. కాశీనగర్ దగ్గర వాడికి కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట ఉన్నాయి. మేముండేది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా రెండు వైపులా అక్టోబరు అంటే దసరాతో పాటు గాలివాన కూడా గుర్తొస్తుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఇటు మా గజపతినీ, అటు ఉద్దానాన్నీ ఊడ్చేసింది. దారికి అడ్డంగా పడ్డ చెట్టును ఎవరో వచ్చి తీస్తారని కూర్చుంటే రోజులు గడిచిపోతాయని అందరికీ తెలిసొచ్చింది. అందుకే కాస్త తోట ఉన్న ఇళ్ళలో చైన్ సా కూడా చేరింది. మేం దాన్ని రంపం మిషన్ అంటాం. నాది ఫైలిన్ తర్వాత కొన్నది.

ఈ మిషన్ల జీవితం విచిత్రంగా ఉంటుంది. ఏడాదిలో పది రోజులు ఒళ్ళు హూనం అయ్యేలా పనిచేస్తాయి. మిగతా రోజులన్నీ కడుపులో పెట్రోలుతో అటక మీద పడుంటాయి. మళ్ళీ గాలి మొదలయ్యాక దించి తాడు లాగితే పలకవు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట, కార్బరేటర్ పోయిందని. పెట్రోలునూ గాలినీ లెక్కగా కలిపి ఇంజనుకు అందించే భాగం అది. ఒంట్లో ఎక్కడ నొప్పొచ్చినా గ్యాస్ పట్టేసింది అన్నట్టే ఇదీను. ఒక్కోసారి నిజమే. చాలాసార్లు కాదు. కాని రోజున కార్బరేటర్ మరలు తిప్పితే బాగున్న ఇంజను కూడా కాలిపోతుంది. ఆ పని ఒకసారి నేనూ చేశాను. అది తర్వాత చెబుతాను.

విప్పే ముందు

మొదట ఎయిర్ ఫిల్టర్ చూడండి. కొబ్బరి, జీడి కోసినప్పుడు వచ్చే పొట్టు నూనెతో కలిసి దాని మీద అట్ట కట్టేస్తుంది. ఇంజను గాలి పీల్చలేకపోతే లోపలికి పెట్రోలు ఎక్కువ పోతున్నట్టే ఉంటుంది. నల్ల పొగ, మందకొడితనం, తడి ప్లగ్గు అన్నీ దానివల్లే రావచ్చు.

తర్వాత సైలెన్సర్. చాలా మిషన్లలో దాని నోటి దగ్గర నిప్పురవ్వలు బయటికి రాకుండా ఒక చిన్న జాలీ ఉంటుంది. పాత మిషన్లలో ఆ జాలీ మసితో మూసుకుపోతుంది. ఐడిలింగ్, అంటే ట్రిగ్గర్ వదిలేసినప్పుడు మెల్లగా తిరగడం, బాగానే ఉంటుంది, రేసు మాత్రం ఎక్కదు. దీనికి కార్బరేటర్ మార్చినవాళ్ళు నాకు తెలుసు. జాలీని వైరు బ్రష్‌తో రుద్దితే పోయేది.

మూడోది ట్యాంకుకు గాలి వెళ్ళే దారి. పెట్రోలు బయటికి వెళ్ళిన మేర ట్యాంకులోకి గాలి రావాలి. ఆ చిన్న రంధ్రం పూడుకుపోతే మిషన్ పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచి, ఆపైన ఆకలేసినట్టు నీరసపడి ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు, వేడి కాస్త తగ్గాక, మూత వదులు చేసి చూడండి. 'సుయ్'మని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత మళ్ళీ బాగా నడిచిందా, జబ్బు తెలిసినట్టే.

నాలుగోది అందరినీ మోసం చేసే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది. చల్లగా ఉన్నప్పుడు సుబ్బరంగా నడిచి, వేడెక్కాక ఠక్కున ఆగి, అరగంట చల్లారాక మళ్ళీ స్టార్టయ్యే మిషన్‌లో కాయిల్‌నే ముందు అనుమానించాలి. ఆగిన మరుక్షణమే ప్లగ్గు నిప్పు చూడాలి. చల్లారాక చూస్తే అది మంచిపిల్లలా వెలుగుతుంది. చుట్టుపక్కల పెట్రోలు ఆవిరి లేకుండా చూసుకోండి, ట్యాంకు మూత బిగించి ఉంచండి.

కంప్రెషన్‌కు, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా ఒత్తుతోందో తెలియడానికి, పల్లెటూరి పరీక్ష ఒకటుంది. స్విచ్ ఆఫ్ చేసి, చైన్ తీసేసి, స్టార్టర్ హ్యాండిల్ పట్టుకుని మిషన్‌ను నేల నుంచి జానెడు పైకి ఎత్తండి. బరువుకు అది మెట్లు దిగినట్టు ఆగి ఆగి దిగాలి. బావిలో చేద జారినట్టు సర్రున దిగిందంటే పిస్టన్, రింగుల పని అయిపోయింది. ఇక కార్బరేటర్ ఎంత తోమినా లాభం లేదు. తాడు లాగడం తేలిక చేసే ఈజీ స్టార్ట్ స్ప్రింగు ఉన్న మోడళ్ళకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ప్లగ్గును అడగాలి. పది పన్నెండు సార్లు తాడు లాగాక విప్పి చూస్తే పొడిగా ఉందా? పెట్రోలు లోపలికి రావడం లేదు. కార్బరేటర్ గొంతులో నాలుగు చుక్కల పెట్రోలు వేసి లాగితే రెండు క్షణాలు పలికి ఆగిపోతుంది. అంటే నిప్పు ఉంది, తిండి లేదు. అప్పుడు కూడా ముందు చూడాల్సింది ట్యాంకులోని ఫిల్టర్, దాని గొట్టం. వంచిన తీగతో ఆ గొట్టాన్ని బయటికి లాగి, వేళ్ళతో సాగదీసి చూడండి. గట్టిపడిన రబ్బరు, ట్యాంకు గోడ దాటే చోట, కంటికి కనబడనంత సన్నగా చిట్లి ఉంటుంది. పంపు అక్కడ పెట్రోలుకు బదులు గాలి తాగుతుంది. ప్లగ్గు తడిసి కారుతోందంటే కథ వేరు: పెట్రోలును ఆపాల్సిన సూది ఆపడం లేదు, లేదా నిప్పే లేదు.

రెండు రబ్బరు పొరలు

బైకు కార్బరేటర్ తెలిసినవాళ్ళు కూడా దీన్ని చూసి తికమకపడతారు. అందులో కింద ఒక తొట్టి, తొట్టిలో తేలే ఫ్లోటు ఉంటాయి. వీధి కుళాయి ట్యాంకులో బంతి లేచి నీళ్ళు ఆపినట్టే ఆ ఫ్లోటు పెట్రోలును ఆపుతుంది. కానీ రంపం మిషన్‌ను మనం పక్కకు తిప్పుతాం, తలకిందులు చేస్తాం. తొట్టి ఉంటే పెట్రోలు ఒలికిపోతుంది. అందుకని ఇందులో తొట్టి లేదు. దాని పని రెండు పల్చటి పొరలు చేస్తాయి. డయాఫ్రమ్‌లు అంటారు వాటిని.

మొదటిది పంపు పొర. దీన్ని ఆడించడానికి మోటారేమీ లేదు. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కింద క్రాంక్ గదిలో గాలి పల్చబడుతుంది, కిందికి వచ్చినప్పుడు ఒత్తుకుంటుంది. ఆ ఊపిరి ఒక సన్నని దారి గుండా వచ్చి ఈ పొరను లోపలికీ బయటికీ కొడుతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఇంజనులో అది సెకనుకు 200 సార్లు. పొరలోనే కత్తిరించిన రెండు చిన్న నాలుకలు తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ పెట్రోలును ఒకే దిశలో పంపుతాయి. పొర గట్టిపడితే నాలుకలు సరిగ్గా మూసుకోవు. ఐడిలింగ్‌కు సరిపడా పెట్రోలు వస్తుంది, ఫుల్ రేసుకు రాదు.

రెండోది కొలిచే పొర. అసలు తెలివంతా దీనిలోనే ఉంది. దీనికి ఒక పక్క పెట్రోలు, ఇంకో పక్క మూతలోని చిన్న రంధ్రం గుండా వచ్చే బయటి గాలి. ఇంజను గాలి పీల్చేటప్పుడు కార్బరేటర్ గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. ఆ లాగుడుకు పెట్రోలు చిన్న రంధ్రాల్లోంచి గొంతులోకి చిమ్ముతుంది. పెట్రోలు గది ఖాళీ అవుతున్న కొద్దీ బయటి గాలి పొరను లోపలికి నొక్కుతుంది. పొర ఒక బుల్లి లివరును నొక్కుతుంది. లివరు సూదిని లేపుతుంది. పంపు దగ్గర కాచుకుని ఉన్న పెట్రోలు లోపలికి వస్తుంది. గది నిండగానే పొర వెనక్కి, సూది తన గుంటలోకి. ఇంజను ఎంత అడిగితే అంతే, ఒక చుక్క ఎక్కువ లేదు.

ఈ లెక్కంతా పొర మెత్తగా ఉన్నంతవరకే. కొత్త పొరను వేలితో తాకితే ఎటు నొక్కితే అటు వాలుతుంది. పదేళ్ళ నాటిది విప్పి చెవి దగ్గర పెట్టుకుని వంచితే చిటపటమంటుంది, వేయించని అప్పడంలా. అలాంటి పొరను కదిలించడానికి ఇంజను మరింత గట్టిగా లాగాలి. ఐడిలింగ్‌కు కావాల్సిన పెట్రోలు కొంచెమే, అది ఎలాగో వస్తుంది. అందుకే స్టార్టవుతుంది, రేసిచ్చేసరికి గాలి ఒక్కసారిగా పెరిగి పెట్రోలు వెనకబడి చచ్చిపోతుంది. మా బావమరిది ఫోన్‌లో చెప్పింది సరిగ్గా ఇదే. ఆ ఒక్క మాటకే తేల్చెయ్యలేం కాబట్టి మిగతావి కూడా చూడమన్నాను.

రబ్బరు గట్టిపడటానికి వయసు ఒక కారణమైతే, మనం పోసే పెట్రోలు ఇంకోటి. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాతపట్నం వాళ్ళు లీటరు ధర తక్కువని మా వైపు వచ్చి కొట్టించుకుంటారు గానీ, ఇథనాల్ నుంచి మాత్రం ఎటు వెళ్ళినా తప్పించుకోలేరు. ఇథనాల్‌కు రెండు గుణాలు. పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, ఆరాక గట్టిపరుస్తుంది. గాలిలోని తేమను పట్టేసుకుంటుంది. మా వానాకాలంలో సగం నిండిన ట్యాంకు మూడు నెలలు ఉంటే తేమకు కొదవేముంది. నీరు ఒక మోతాదు దాటాక ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరుగా పేరుకుంటాయి. ఫిల్టర్ ఉండేది కూడా అడుగునే. ఇంజనులోకి మొదట వెళ్ళేది ఆ నీళ్ళే.

విప్పినప్పుడు

చైన్ తీసేయండి, ఆరుబయట కూర్చోండి, దగ్గర్లో పొయ్యి గానీ బీడీ గానీ ఉండకూడదు. తెల్లటి పాత దుప్పటి పరిచి దాని మీద పని చేయండి. లివరు కింది స్ప్రింగు మిరపగింజంత ఉంటుంది. ఎగిరి మట్టిలో పడితే ఇక దొరకదు. ప్రతి అడుగుకూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మరలను ముట్టుకునే ముందు ఒక పని. ఎల్, హెచ్ అని రాసి ఉన్న రెండు మరలనూ ఒక్కొక్కటిగా లోపలికి తిప్పుతూ, అడుగు తాకే వరకు ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాయండి. మెల్లగా సుమా, గట్టిగా బిగిస్తే మర మొనా, అది కూర్చునే గుంటా రెండూ పాడవుతాయి. ఆ అంకెలు ఈ మిషన్ నిన్నటిదాకా ఎలా బతికిందో చెప్పే జాతకం. తర్వాత మరలు పూర్తిగా తీసి పక్కన పెట్టండి.

చాలా కార్బరేటర్లలో ఒక పక్క మూతకు నాలుగు స్క్రూలుంటాయి, అది కొలిచే వైపు. రెండో పక్క ఒకటే స్క్రూ, అది పంపు వైపు. ఒంటి స్క్రూ మూత కింద బొట్టుబిళ్ళంత జాలీ ఒకటుంటుంది. దీన్ని చూడకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. గోధుమరంగు జిగురుతో అది పూర్తిగా మూసుకుపోయి కనబడితే, మీ గాలింపు అక్కడితో ముగిసినా ముగియవచ్చు.

పొరలు, గాస్కెట్లు (సందుల్లోంచి కారకుండా మధ్యలో పెట్టే పల్చటి అట్టలు), సూది తీసేశాకే కార్బరేటర్ క్లీనర్ కొట్టండి. ఆ ద్రావకం రబ్బరును తినేస్తుంది. కళ్ళజోడు తప్పనిసరి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం లోంచి సూటిగా కంట్లోకి వస్తుంది. రంధ్రాల్లో తీగ, గుండుసూది పెట్టకండి. అవి వెంట్రుకవాసి లెక్కలో చేసిన దారులు, కాస్త గీసుకుపోయినా మిశ్రమం లెక్క తప్పుతుంది. సూది మొనను వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ గీత పడి ఉంటే మార్చాల్సిందే. లివరు కింది స్ప్రింగును సాగదీయడం, వేరేది వేయడం వద్దు. లివరు ఎత్తు కూడా విప్పకముందు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఎత్తు పెరిగితే ఇంజనులోకి పెట్రోలు వరద, తగ్గితే కరువు.

తిరిగి బిగించేటప్పుడు ఎక్కువమంది పొరపాటు చేసేది వరసలో. మామూలుగా కొలిచే వైపు బాడీ మీద ముందు గాస్కెట్, దానిపైన పొర, తర్వాత మూత. పంపు వైపు ఇందుకు తలకిందులు: ముందు పొర, దానిపైన గాస్కెట్, తర్వాత మూత. ఇది తారుమారైతే కొత్త కిట్ (పొరలు, గాస్కెట్లు, సూది లాంటివి కలిపి అమ్మే పొట్లం) వేసినా మిషన్ పలకదు. అప్పుడు కిట్ నకిలీదని షాపువాడితో గొడవ.

నేను చేసే చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే దాని బల్బు, ముల్లు డయలు పెట్టుకోండి. పెట్రోలు చుక్క లేకుండా ఆరిన కార్బరేటర్‌కు, పెట్రోలు వచ్చే ముక్కుకు గొట్టం తగిలించి డయలు 200 చూపించే దాకా ఒత్తండి. ముల్లు అక్కడే నిలబడితే సూది బాగా కూర్చుంటోంది. గబగబా పడిపోతే సూదో, పంపు మూతో కారుతోంది. ఇది మెకానిక్ దగ్గరి ప్రెషర్ గేజీకి సాటిరాదు. పెద్ద లోపాన్ని మాత్రం పట్టిస్తుంది.

కిట్ కొనేటప్పుడు రంపం పేరు చెప్పి ఊరుకోకండి. ఒకే మోడల్ రంపానికి కంపెనీ ఒక ఏడు వాల్‌బ్రో కార్బరేటర్, ఇంకో ఏడు జామా పెట్టి ఉండొచ్చు. కార్బరేటర్ మీదే చెక్కిన నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి చూపించండి. మిషన్ చవక రకమైతే కిట్‌తో కుస్తీ పట్టకుండా కార్బరేటర్ మొత్తం మార్చేయడమే మేలు. మంచి పాత మిషన్ అయితే అసలు కార్బరేటర్‌నే కిట్‌తో బతికించండి. దాని కొలతలకు దీటుగా ఉండే నకలును నేనైతే ఇంతవరకు చూడలేదు.

మరలు, పైగా ఒక చేదు అనుభవం

ఎల్ మర తక్కువ వేగానికి, హెచ్ మర ఎక్కువ వేగానికి. రెండూ పెట్రోలు దారులే. లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గి మిశ్రమం పల్చబడుతుంది, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. మూడో మర ఐడిలింగ్‌ది. అది పెట్రోలును కాదు, గాలి తలుపును కదుపుతుంది. స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా ఆటోట్యూన్ లాంటి కొత్త రకాలకు ఈ ఎల్, హెచ్ గోల లేదు, లోపల ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది.

పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపితే మిశ్రమం చిక్కబడుతుందని ఒక నమ్మకం ఉంది. నిజం సరిగ్గా తలకిందులు. అదే రంధ్రంలోంచి ఆయిల్ ఎక్కువ వెళ్తే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే పల్చబడుతుంది. మాన్యువల్ 1:50 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 1:25 అంటే 40. ఏ ఆయిల్‌కు ఏది చెప్పారో అదే పోయండి.

తిత్లీ తర్వాత మూడో రోజు సంగతి. దారికి అడ్డంగా పడ్డ చింతచెట్టు కోస్తున్నాను. ట్రిగ్గర్ వదిలినా ఇంజను వేగం వెంటనే దిగడం లేదు, రెండు మూడు క్షణాలు పైనే ఉండి అప్పుడు దిగుతోంది. మిషన్ మంచి ఊపు మీద ఉందని మురిసిపోయి ఐడిలింగ్ మర కాస్త తగ్గించాను. ఇంకాస్త పదును వస్తుందని హెచ్ మర కూడా పావు చుట్టు లోపలికి తిప్పాను. నిజంగానే ఈలవేసినట్టు పాడింది. మధ్యాహ్నానికి కీచుమని ఆగింది. తాడు లాగితే రాయిని లాగినట్టుంది. సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి వేస్తే పిస్టన్ మీద పైనుంచి కిందికి గోళ్ళతో రక్కినట్టు గీతలు.

తర్వాత తెలిసింది, కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు గొట్టం చిట్లిందని. మామూలుగా చూస్తే కనబడదు, వేళ్ళతో వంచితే నోరు తెరుస్తుంది. అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోంది. ఇంజను దిగకుండా పైనే వేలాడటం ఆ గాలి ఇచ్చిన హెచ్చరిక. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గిందంటే మంట వేడెక్కుతుంది, నూనె కూడా తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. మూడు దెబ్బలూ ఒకేసారి. పల్చటి మిశ్రమంతో చచ్చేముందు మిషన్ ఎప్పుడూ లేనంత బాగా పాడుతుంది. అందుకే, ఇంజను వేగం వేలాడినా, మిషన్‌ను అటూ ఇటూ వంచితే ఐడిలింగ్ మారుతున్నా మరల జోలికి పోకండి. ముందు ఆ గొట్టం, క్రాంక్ గదిలోకి గాలి చొరబడకుండా ఆపే సీళ్ళు చూపించండి. లీకు పట్టడానికి నడుస్తున్న మిషన్ మీద స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఎర్రగా కాలే సైలెన్సర్ పక్కన నేనైతే ఆ పని చేయను.

లీకు లేదని తేలాక ట్యూనింగ్ అంత కష్టం కాదు. బారు (చైన్ తిరిగే పొడవాటి పట్టా), చైన్ బిగించి, మిషన్‌ను నేల మీద నిలకడగా పట్టుకోవాలి. ఎల్, హెచ్ ఒక్కో చుట్టు బయటికి పెట్టి మొదలుపెట్టండి, మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అది. నాలుగైదు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎల్ మరను అటూ ఇటూ జరుపుతూ ఇంజను వేగం అన్నిటికన్నా ఎక్కువ పలికే చోటు పట్టుకుని, అక్కడి నుంచి కొంచెం బయటికి తిప్పండి. ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా అందుకోవాలి. తర్వాత ఐడిలింగ్ మర: ఇంజను ఆగకూడదు, చైన్ కదలకూడదు. హెచ్ మరకు చెవే కొలబద్ద. చెక్క తగలకుండా రెండు మూడు సెకన్లు ఫుల్ రేసు ఇస్తే గొంతు బొంగురుగా, గరగరమంటూ ఉండాలి. చెక్కలో దింపగానే ఆ గరగర పోయి గొంతు సాఫీ కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే గొంతు సాఫీగా కేక పెట్టిందంటే పల్చగా ఉంది, వెంటనే బయటికి తిప్పండి.

మా బావమరిది ఆదివారం మిషన్ పట్టుకొచ్చాడు. ఫోన్‌లో చెప్పని సంగతి అప్పుడు బయటపడింది: హెచ్ మర దాదాపు మొత్తం లోపలికి బిగించి ఉంది. "నువ్వేటైనా తిప్పావేట్రా?" అంటే "రొవ్వంతే బావా" అన్నాడు. కొలిచే పొర తీసి వాడి చేతికిచ్చాను. వంచి, చిటపట విని నవ్వాడు. రబ్బరు గొట్టం బాగానే ఉంది. కిట్ వేసి, జాలీ కడిగి, ట్యాంకులోని పచ్చటి పాత పెట్రోలు పారబోసి కొత్తది పోస్తే మూడో లాగుడుకు పలికింది. నెల దాటి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి ఆగేదాకా నడిపి అటకెక్కించమని పదిసార్లు చెప్పి పంపాను. అలా చేయకపోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయని కూడా చెప్పాను.

ఆ తుపాను చివరికి మా మీదికి రాలేదు. నవంబరు మొదటి వారంలో నేనే ఫోన్ చేసి అడిగాను, ట్యాంకు ఖాళీ చేశావా అని.

"రేపు బావా."